మూడు ముక్కల పంచె

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: కేశవులు శెట్టి, ఆయన భార్య సుందరలక్ష్మమ్మ, కొడుకు రాఘవేంద్రప్రసాద్, బెంగళూరులో చదువుకుంటూ ముందు రోజే వచ్చిన కూతురు రమ్యశ్రీ, కారు పూజకు వచ్చిన పూజారి, డ్రైవరు హనుమేష్. వెనక కారు షెడ్డులో మా అమ్మ నాగలత, నేను. మమ్మల్ని ఇంట్లో వాళ్లుగా లెక్కపెట్టాలో లేదో నాకు తెలియదు. ఆ వంటింటి గడప మేము ఎన్నడూ దాటలేదు. కానీ ఆ కాంపౌండు లోపలే, గోడౌను గోడకు ఆనించి వేసిన రేకుల గదిలో అప్పటికి రెండేళ్లుగా ఉంటున్నాము.

పొద్దున ఎనిమిది కూడా కాకముందే అమ్మ కారు పక్క నుంచి మోకాలు పట్టుకొని లేచి నిలబడుతోంది. చీకటితో లేచి కారు ఒకసారి కడిగింది. ఇంతలో పత్తికొండ రోడ్డు వైపు నుంచి గాలిదుమ్ము లేచి షెడ్డులోకి కొట్టింది. మళ్లీ మొదటి నుంచి కడగాల్సి వచ్చింది. బోరు దగ్గర నుంచి ఇరవై బిందెలు మోశాము. పన్నెండు ఆమె, ఎనిమిది నేను.

కారు వచ్చి వారం అయింది. నేరేడు పండు రంగు. నీడలో నల్లగా ఉంటుంది, వెలుగులోకి వస్తే లోపల ఎరుపు తేలుతుంది. ఆ రోజు పదీ నలభైకి పూజ. మధ్యాహ్నం మూడుకు అందరూ అందులో బయల్దేరి, రాత్రికి మైదుకూరులో సుందరలక్ష్మమ్మ అన్న ఇంట్లో దిగి, తెల్లవారి రాజంపేటలో రాఘవేంద్రప్రసాద్‌కు పిల్లను చూడాలి. పిల్ల వాళ్లు పెద్ద వాళ్లు. వాకిట్లో దిగేటప్పుడు వాళ్లు ముందు చూసేది కారునే అని శెట్టి వారం నుంచి చెబుతున్నాడు.

కడగడం పెద్ద పని కాదు. ఆరబెట్టడమే పని. మా వైపు బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. బిందె లోపల తెల్లగా పొర కడతాయి. కారు మీద ఒక చుక్క దానంతట అది ఎండితే నీళ్లు పోయి ఉప్పు మిగులుతుంది, సున్నం బొట్టు పెట్టినట్టు గుండ్రంగా. మా బడిలో చాలామంది పళ్ల మీద కూడా మచ్చలు ఉన్నాయి. నా పళ్ల మీదా ఉన్నాయి. అందుకే నేను నోరు మూసుకొని నవ్వుతాను.

"గుడ్డను తోయొద్దు మే," అంది అమ్మ. "పరువు. పరిచి నీ పక్కకు లాగు. బలం పెట్టొద్దు. నీళ్లను గుడ్డ తాగాల, నువ్వు రుద్దకూడదు."

ముందు పైకప్పు. తరువాత అద్దాలు, బానెట్, తలుపులు. చక్రాల దగ్గర అన్నిటికన్నా చివర. చక్రాల దగ్గర వాడిన ముక్క మళ్లీ పైకి రాకూడదు. తలుపులు తెరిచి అతుకుల్లో నీళ్లు తుడవాలి, లేకపోతే అవి తరువాత జారి గీతగా ఎండుతాయి. పక్క అద్దాల కింద గుడ్డ దూరదు. అక్కడ అమ్మ వంగి నోటితో ఊదేది. గుడ్డ కింద పడితే ఇక ఆ రోజుకు దాన్ని ముట్టకూడదు. ఒక్క ఇసుక రేణువు చాలు, గీత పడటానికి.

ఇవన్నీ నాయన నేర్పినవి. మా నాయన చిన్న ఈరన్న శెట్టి గోడౌనులో హమాలీ. ఆదివారాలు శెట్టి పాత కారు కడిగేవాడు. రెండేళ్ల కింద లారీలో నుంచి పత్తి బేలు జారి ఆయన మీద పడింది. ఆసుపత్రికి తీసుకుపోయేది కూడా లేకపోయింది. పెద్దకర్మ అయినాక శెట్టి మాకు ఆ రేకుల గది ఇచ్చాడు. అమ్మకు కార్లు కడిగే పని, వాకిలి ఊడ్చే పని ఇచ్చి నెలకు మూడు వేల ఐదు వందలు అన్నాడు. గది ఇచ్చాడు కాబట్టి ఇంకేమీ అడగలేదు అమ్మ.

హనుమేష్ పళ్లపుల్ల నములుతూ వచ్చి షెడ్డు గుంజకు ఆనుకున్నాడు.

"ఏం నాగలతమ్మా, బండి కడుగుతాండావా, పెండ్లికొడుకును చేస్తాండావా?"

"నువ్వు దూరం నిలబడప్పా. నీ బెల్టు బిళ్ల తగిలితే గీత పడతాది."

"నా కడుపు అడ్డం ఉండాది లేమ్మా, బిళ్ల యాడ తగుల్తుంది," అని వాడు తన పొట్ట తట్టుకున్నాడు. అమ్మ నవ్వింది. ఆ రోజుకు అదే చివరి నవ్వు.

తుడుస్తున్న గుడ్డ సంగతి చెప్పాలి. కారుతో పాటు శెట్టి షాపు నుంచి ఆరు వందలు పెట్టి రెండు మెత్తటి గుడ్డలు తెచ్చాడు. మొదటి రోజే అవి తీగ మీద నుంచి వాకిట్లో పడ్డాయి. ఆ గుడ్డల నూగులో ఇసుక ఇరుక్కుంది. ఎన్నిసార్లు జాడించినా పోలేదు. అమ్మ ఏ గుడ్డనైనా ముందు బుగ్గకు ఆనించి లాగి చూస్తుంది. వాటిని అట్ల చూసి పక్కన పెట్టింది. శెట్టికి చెప్పాలంటే భయం. ఆ రాత్రి బియ్యం డబ్బాలో అడుగున ఉన్న పంచె తీసింది.

పోయినవాళ్ల గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదంటారు. పెద్దకర్మ రోజు నాయన గుడ్డలన్నీ మూట కట్టి హంద్రి ఏట్లో వదిలారు. ఆ ఒక్క పంచె మాత్రం అమ్మ దాచింది. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఎనిమిదేళ్లు ఉతికిన పంచె, అరటాకు లోపలి పొరలాగ ఉంది. అమ్మ దాన్ని బుగ్గకు ఆనించుకొని చాలాసేపు ఉంది. గుడ్డ మెత్తదనం చూడటానికి అంతసేపు పట్టదు. తరువాత దాన్ని మూడు ముక్కలు చేసింది.

"కట్టుకునే మనిషి ల్యాడు," అంది. "ఊరికే పెడితే ఎలకలు తింటాయి."

వారమంతా ఆ మూడు ముక్కలతోనే తుడిచాము. శెట్టి బజారు వాళ్లను పిలుచుకొచ్చి కారు చుట్టూ తిప్పాడు. "ఒక్క మచ్చ చూపియ్యప్పా, వెయ్యి రూపాయలు ఇస్తా," అన్నాడు. ఎవరూ చూపించలేకపోయారు. అమ్మ చీపురు పట్టుకొని దూరంగా నిలబడి వింది.

తొమ్మిదిన్నరకు కారు పూర్తిగా ఆరింది. హనుమేష్ దాన్ని వాకిట్లోకి తెచ్చి వేపచెట్టు కింద నిలిపాడు. అమ్మ రెండు ముక్కలు షెడ్డు తీగ మీద ఆరేసింది. మూడోది నా చేతిలో ఉంది. పూజ అయ్యేవరకు అమ్మ గోడౌను వెనక ఉండాలని సుందరలక్ష్మమ్మ ముందు రోజే చెప్పింది. బొట్టు లేని ముఖం ఎదురు రాకూడదు కదా. అమ్మ దానికి నొచ్చుకోలేదు. నొచ్చుకున్నట్టు కనిపించలేదు.

నేను వెళ్లేలోపు రమ్యశ్రీ ఫోను పట్టుకొని కారు ఫోటోలు తీయడానికి వచ్చింది. తన ముఖం తలుపులో కనిపిస్తుంటే జుట్టు సరిచేసుకుంది.

"ఏం శివలీలా, పదోతరగతా ఇప్పుడు?"

తల ఊపాను.

"మాట్లాడవా? నేనేం కొరుకుతానా?" అని నవ్వింది. "నిజం చెప్పు. అద్దం ఉన్నట్టుండాది. బెంగళూరులో షోరూం వాళ్లు కూడా ఇంత బాగ తుడవరు. ఏం గుడ్డ వాడతారు మీరు?"

ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. బిందె తే, చీపురు తే, పక్కకు జరుగు అంటారు. రమ్యశ్రీ నా పేరు గుర్తుపెట్టుకొని అడిగింది. మెచ్చుకొని అడిగింది. నాకు లోపల ఏదో పొంగింది.

"మా నాయన పంచె, అక్కా. శానా మెత్తగా ఉంటాది. అమ్మ మూడు ముక్కలు చేసింది," అన్నాను. చేతిలో ముక్క చూపించాను కూడా.

ఆమెలో చెడ్డతనం లేదు. అది నేను ఇప్పటికీ చెబుతాను. వింత సంగతి దొరికినట్టు ఇంట్లోకి తిరిగి అరిచింది. "అమ్మా, విన్నావా? శివలీల వాళ్ల నాయన పంచెను మూడు ముక్కలు చేసి తుడుస్తారంట మన కారు."

సుందరలక్ష్మమ్మ అప్పుడే హారతి పళ్లెంతో మెట్లు దిగుతోంది. పళ్లెంలో నిమ్మకాయలు దొర్లాయి.

"ఏ నాయన?" అంది.

నాకు ఇద్దరు నాయనలు లేరు.

"నాగలతా," అని ఆమె గట్టిగా పిలిచింది. గోడౌను వెనక ఉండాల్సిన అమ్మ కొంగు కప్పుకుంటూ వచ్చి, మెట్లకు దూరంగా ఆగింది.

"పోయినోని గుడ్డ ఇంట్లో పెట్టుకున్నేది నీ ఖర్మ. దాంతో నా కొడుకు కారు తుడుస్తావా? పిల్లను చూసేదానికి పోయే కారు."

"ఆయన పోయిన దినం కట్టుకున్నేది కాదమ్మా. బాగ ఉతికినేది. ఆ కొన్న గుడ్డలకు ఇసుక పట్టింది. గీతలు పడతాయని..."

"గీత నా ఇంటి మీద గీసినావు కదే."

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పానని ఆమెకు తెలిసిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పూజారి గడియారం చూసుకున్నాడు. శెట్టి చేతులు వెనక్కి కట్టుకొని, "ఇప్పుడేం చెయ్యాల సామీ?" అన్నాడు. పసుపు నీళ్లు చల్లి శుద్ధి చేస్తే చాలు అన్నాడు పూజారి. చల్లితే సుందరలక్ష్మమ్మకు చాలలేదు. మొత్తం కడగాలంది. హనుమేష్‌ను పిలిచి తీగ మీది రెండు ముక్కలు చూపించింది. వాడు కట్టెపుల్లతో వాటిని ఎత్తి స్నానాల నీళ్లు కాగే పొయ్యిలో వేశాడు. అవి తడిగా ఉన్నాయి. వెంటనే అంటుకోలేదు. చాలాసేపు పొగ వచ్చింది.

మూడో ముక్కను నేను పావడా మడతలో దోపుకున్నాను. అది అడగడం ఎవరికీ గుర్తు రాలేదు.

కారును చెట్టు నీడలో నుంచి వాకిలి మధ్యకు తెచ్చారు. పది దాటింది. ఎండ అప్పటికే రేకుల మీద కొడుతోంది. పెద్ద గంగాళంలో బోరు నీళ్లకు పసుపు కలిపి చెంబులతో పోశారు. వేడెక్కిన బానెట్ మీద నీళ్లు పడితే అక్కడికక్కడే ఆవిరయ్యాయి. పూజారికి తాంబూలంలో పెట్టడానికి తెచ్చిన కొత్త టవలు ఒకటి విప్పి హనుమేష్ చేతికిచ్చారు. గంజి కూడా పోని టవలు. అంచుకు జరీ.

"హనుమేశప్పా," అంది అమ్మ గేటు దగ్గర నుంచి. "నీడకు తీసుకోప్పా. ఎండలో మచ్చలైతాయి. ఆ టవలు వొద్దు, దాని అంచు..."

"నువ్వు నోరు తెరవొద్దు," అంది సుందరలక్ష్మమ్మ. "ఈ పొద్దు నీ గాలి కూడా దీనికి తగలకూడదు."

హనుమేష్ తల వంచుకొని రుద్దాడు. టైముకు అయిపోవాలని గుండ్రంగా, బలంగా రుద్దాడు. టవలు ఒకసారి చేయి జారి వాకిట్లో పడింది. దులిపి మళ్లీ రుద్దాడు. అమ్మ కళ్లు మూసుకోవడం నేను చూశాను. ఎవరైనా పిల్లవాణ్ని కొడుతుంటే మూసుకున్నట్టు మూసుకుంది.

పూజ టైముకే జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయి. గుమ్మడికాయ పగిలింది. మేము గోడౌను వెనక కూర్చొని గంట విన్నాము. నా జడ ఊడిపోయి ఉంటే అమ్మ దగ్గరికి లాగి మళ్లీ వేసింది. ఆమె వేళ్లు తడికి ముడతలు పడి ఉన్నాయి.

"నేను చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను.

"అబద్ధం చెప్పలేదు కదా," అంది.

పన్నెండు గంటలకు వాకిట్లో శెట్టి గొంతు వినిపించింది. వెళ్లి గోడ పక్క నుంచి చూశాము. కారు ఆరింది. నేరేడు రంగు మీద పైనుంచి కింది దాకా తెల్ల చుక్కలు, వాటి అంచుల్లో పసుపు. చుక్కల మధ్య సాలెగూడులాగ సన్నని గుండ్రటి గీతలు. ఎండ ఏ పక్క నుంచి పడితే ఆ పక్క గీతలు లేచి కనిపిస్తున్నాయి.

"పద్నాలుగు లక్షలు పోసినా," అన్నాడు శెట్టి. అరవలేదు. మామూలుగానే అన్నాడు. "ఇది పదేండ్ల బండి ఉన్నట్టుండాది."

"దాని చెయ్యి పడె, అందుకే ఇట్లయింది," అంది సుందరలక్ష్మమ్మ.

"వారం నుంచి ఆమె చెయ్యే పడతాండాది కదమ్మా," అన్నాడు హనుమేష్. అని, తానే భయపడి పక్కకు జరిగాడు.

శెట్టి ఊర్లో కార్లు కడిగే షాపుకు ఫోన్ చేశాడు. కరెంటు లేదు, సాయంత్రం ఐదుకు రమ్మన్నారు. రాఘవేంద్రప్రసాద్ ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం, "ఈ కారులో నేను రాను నాయనా. బస్సులో అయినా పోదాం పా," అన్నాడు. రమ్యశ్రీ ఫోను లోపల పెట్టేసింది. నా వైపు చూడలేదు.

కాసేపటికి శెట్టి మా గోడ దగ్గరకు వచ్చాడు. రెండేళ్లలో ఆయన అంత దగ్గరకు రావడం అదే మొదలు.

"నాగలతా, ఆ మచ్చలు పోతాయా?"

అమ్మ లేచి నిలబడింది. "పోతాయి సామీ. తాగే నీళ్ల క్యాన్లు మూడు కావాల. నీడలో పెట్టి, తడిగుడ్డ మచ్చ మీద పరిచి నాననియ్యాల. నానినంక మెల్లగ లాగాల. గీతలు పోవు. గీతలు నా చేతిలో లేవు."

"మూడు గంటలకు అయితాదా?"

"గుడ్డ ఉంటే అయితాది."

గుడ్డలు తెచ్చారు. శెట్టి పాత బనియన్లు, దిండు గలీబులు, రమ్యశ్రీ చున్నీ ఒకటి. అమ్మ ఒక్కొక్కటీ బుగ్గకు ఆనించింది. బనియనుకు కుట్లున్నాయి. గలీబు బరక. చున్నీ నీళ్లు తాగదు, జారుతుంది. ఒక్కొక్కటే పక్కన పెట్టింది.

సుందరలక్ష్మమ్మ అటూ ఇటూ చూసింది. పూజారి అప్పటికే వెళ్లిపోయాడు. ఆమె గొంతు తగ్గించింది.

"నాగలతా, అవి మూడు ముక్కలు అన్నాది కదా ఈ పిల్ల. పొయ్యిలో పడినేటివి రెండే. ఇంగోటి ఉండాదా?"

అమ్మ చున్నీని మడతపెడుతూ ఉంది.

"ఉంటే షెడ్డులోకి పోయి తలుపు ఏసుకొని తుడుచుకో. ఎవురు చూస్తారు? పూజ అయిపోయె. అయినంక దోషం ల్యాదు." కొంగు దోపుకొని, "అయిపోతే గది సంగతి నేనేం మాట్లాడను. ల్యాకుంటే మేము రాజంపేట నుంచి వచ్చేలోపు ఖాళీ చేసుకోండి," అంది.

అమ్మ నా వైపు తిరిగింది. నా పావడా మడత తడిసి ఉంది. ఆ ముక్క ఎక్కడ ఉందో ఆమెకు ముందే తెలుసు.

"ఇయ్యి మే," అని చెయ్యి చాపింది.

పొగ వాసన ఇంకా వస్తోంది. పొద్దున మిగతా రెండు ముక్కలను కట్టెపుల్లతో ఎత్తారు. ఇప్పుడు మూడోదాన్ని చేతులతో పట్టుకొమ్మంటున్నారు, తలుపేసుకొని, ఎవరికీ తెలియకుండా. గది పోతే మేము ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. మా ఊర్లో మా ఇంటి పైకప్పు పడిపోయింది. పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా నా చెయ్యి పావడా మడత మీదే ఉంది.

"ఇయ్యను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సుందరలక్ష్మమ్మ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"చూస్తివా, మూగ పిల్ల అనుకుంటిమి," అంది శెట్టితో.

"ఇయ్యను," అని మళ్లీ అన్నాను. ఈసారి అమ్మతో అన్నాను.

అమ్మ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. కొడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. తన కొంగు ముందుకు లాక్కొని, చివర బుగ్గకు ఆనించి చూసింది. అది కూడా పాత చీరే, నాయన ఉన్నప్పుడు తెచ్చింది. చివర పళ్లతో కొరికి, రెండు చేతులతో సర్రున చించింది. మూరెడు గుడ్డ వచ్చింది. మిగిలిన కొంగు తలకు సరిపోలేదు, భుజం మీద వేసుకుంది.

హనుమేష్ కారును షెడ్డులోకి తీసుకుపోయి పెట్టాడు. నీళ్ల క్యాన్లు మోసుకొచ్చి గడప దగ్గర దించాడు. అమ్మ వాటిని ఒక్కొక్కటే లోపలికి జరుపుకుంది. నేను రెండో క్యాను పట్టుకోబోతే, "నువ్వు రావొద్దు," అంది.

"నేనూ తుడుస్తానమ్మా. వేరే గుడ్డతో తుడుస్తాను."

"వొద్దు."

కోపంగా అన్నదా కాదా నాకు తెలియలేదు. లోపల చీకటిలో కారు మీద తెల్ల చుక్కలు మాత్రమే కనిపిస్తున్నాయి. అమ్మ రేకు తలుపు పట్టుకొని ఒక్క క్షణం నిలబడింది. నా పావడా మీద తడి మరకను చూసింది.

"అది తడిగా ఉంచొద్దు. వాసన వస్తాది," అంది. "ఎండలో ఎయ్యొద్దు. నీడలో ఆరెయ్యి."

తలుపు మూసింది.